ముందు పూట తేల్చుకోండి, తర్వాత పుస్తకం

ప్రశ్న: సార్, మాది కావలి. నెల్లూరులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వయసు నలభై నాలుగు. రోజూ సీజన్ టికెట్ మీద రైల్లో పోయి వస్తుంటాను. డిగ్రీ చదివే రోజుల్లో యద్దనపూడి, యండమూరి నవలలంటే పడిచచ్చేదాన్ని, తెల్లవార్లూ చదివేదాన్ని. పెళ్లయ్యాక తగ్గింది, పిల్లాడు పుట్టాక ఇంకా తగ్గింది, చేతికి ఫోన్ వచ్చాక పూర్తిగా పోయింది. ఈ ఎండాకాలం ఎలాగైనా మళ్లీ మొదలుపెట్టాలని ఇంటర్నెట్‌లో చూసి, తప్పక చదవాల్సిన పుస్తకాలంటూ ఇరవై అయిదు పేర్లు రాసుకున్నాను. పుస్తకాల ప్రదర్శనకు పోయి వేయిపడగలు, దాంతోపాటు ఇంకో మూడు లావుపాటి పుస్తకాలు కొన్నాను. ఏదీ ముప్పై పేజీలు దాటడం లేదు. ఇంత డబ్బు పోసి కొని చదవలేకపోతున్నానని సిగ్గుగా ఉంది. మా అత్తమ్మ కూడా ఒకప్పుడు వారపత్రికలు వదలకుండా చదివేది, ఇప్పుడు ఆమెకు చిన్న అక్షరాలు ఆనడం లేదు. మా వాడు పదో తరగతి రాసి ఇంట్లోనే ఉన్నాడు, ఫోన్ దించడు. బడులు తెరిచేలోపు చదవడానికి నాకో మంచి లిస్టు రాసివ్వండి. ఫోన్‌లో చదివినా లెక్కలోకి వస్తుందా? మా వాడికేం చెప్పాలి?

సమాధానం:

అమ్మా, లిస్టు ఇస్తాను. అయితే ముందు ఆ ఇరవై అయిదు పేర్ల కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేయండి. అవి మంచి పుస్తకాలు కావని కాదు. ఆ లిస్టు రాసిన మనిషికి మీరు పొద్దున్నే వంట ముగించి, క్యారియర్లు సర్ది, చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ స్టేషన్‌కు పరిగెత్తుతారని తెలియదు. నెలకు పది పుస్తకాలు నమిలేవాళ్లకూ, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టినవాళ్లకూ ఒకే లిస్టు పనికిరాదు.

నేను ప్రకాశం జిల్లా గ్రంథాలయాల్లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. పరీక్షలు అయిపోయి సెలవులు రాగానే మీలాంటివాళ్లు వచ్చి, "మంచి పుస్తకం ఒకటి ఇవ్వండి సార్" అనేవాళ్లు. నేను పుస్తకం సంగతి తర్వాత మాట్లాడేవాణ్ణి. "ఎప్పుడు చదువుతారు?" అని ముందు అడిగేవాణ్ణి. చాలామంది తెల్లబోయేవాళ్లు. ఏ రచయిత కావాలో ఠక్కున చెప్పగలరు గానీ, రోజులో ఏ పూట చదువుతారంటే జవాబుండదు. పూట తేలనప్పుడు ఎంత గొప్ప పుస్తకమైనా టీవీ స్టాండు మీద దుమ్ము పట్టాల్సిందే. పూట తేలిందా, దానికి సరిపడే పుస్తకం వెతకడం పెద్ద పని కాదు.

అకౌంట్స్ చూసే మనిషి కాబట్టి లెక్కే వేసి చూపిస్తాను. కావలి నుంచి నెల్లూరుకు బండిలో గంట అటూ ఇటూ. సీటు వెతుక్కుని, రోజూ వచ్చేవాళ్లతో నాలుగు మాటలు ముగించేసరికి బిట్రగుంట దాటిపోతుంది. అక్కణ్ణుంచి పడుగుపాడు వచ్చి అందరూ బ్యాగులు సర్దుకునేదాకా మీకు నికరంగా అరగంట. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తెలుగు పుస్తకంలో పేజీకి రెండు నిమిషాలు వేసుకోవాలి. పూటకు పదిహేను పేజీలు. మే 1 నుంచి, బడులు తెరిచే జూన్ 12 ముందు రోజు దాకా ఆదివారాలు తీసేస్తే ముప్పై ఆరు రోజులు. అంటే 540 పేజీలు. సీటు దొరకని రోజులు, తలనొప్పి రోజులు, పెళ్లిళ్లకు పోయే రోజులు పోగా 400 మిగిలితే సంతోషం. మీరు కొన్న వేయిపడగలు ఒక్కటే వెయ్యి పేజీల దరిదాపుల్లో ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ముప్పై పేజీల దగ్గర ఆగింది మీరా, లెక్కా? దాన్ని చలికాలానికి వాయిదా వేయండి. అది ఎక్కడికీ పోదు.

పొద్దున బండికి మూడు పుస్తకాలు, అన్నీ చిన్నవే.

మొదటిది దర్గామిట్ట కతలు. మహమ్మద్ ఖదీర్‌బాబు రాసింది. ఆయన మీ కావలి మనిషే. కతలన్నీ చిన్నవి, పేదింటి ముస్లిం పిల్లాడు తన బాల్యాన్ని చెప్పుకుపోతాడు. భాష మన నెల్లూరు భాష. అచ్చులో ఆ మాటలు చూస్తుంటే పక్కింటి మనిషి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. ఊరి మీద ప్రేమతో దీన్ని ముందు పెట్టానని అనుకోవద్దు. బండి దిగేలోపు ఒక కత మొత్తం అయిపోతుంది, కారణం అదీ. ఇప్పుడు మీకు అన్నిటికంటే అవసరమైంది, మొదలుపెట్టినదాన్ని ముగించానన్న ధీమా. నవల పదిహేను పేజీల చొప్పున చదివితే మూడు వారాల దాకా ఆ ధీమా రాదు. కతలైతే మొదటి రోజే వచ్చేస్తుంది. ఇంకో మాట, నవ్వొస్తే బండిలో నవ్వండి. పక్కావిడ ఏం పుస్తకమని అడుగుతుంది. అడిగితే చదివి వినిపించండి, మొహమాటపడొద్దు.

రెండోది కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ఒక ముసలాయన కథ. చిన్న నవల, నూరు పేజీలకు అటూ ఇటూ. మనుషులు తక్కువ, నడక వేగం. ఏ పాత్ర ఎవరి బావమరిదో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, అందుకే రోజూ ముక్కలు ముక్కలుగా చదివినా తెగిపోదు. ఒక హెచ్చరిక మాత్రం. నడిమధ్యలో ఆపి ఆఫీసుకు పోయిన రోజు వోచర్ల మీద మనసు నిలవదు. నెలాఖరు క్లోజింగు రోజుల్లో దీన్ని పట్టుకోకండి.

మూడోది పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు. ఇది 1950ల చివర్లో తెలుగు స్వతంత్రలో ధారావాహికగా వచ్చింది. రాసినామె డాక్టరు, చాలా చిన్న వయసులో 1961లో పోయింది. దీని ఆధారంగానే చదువుకున్న అమ్మాయిలు అనే సినిమా తీశారు గానీ, సినిమా చూశాను కదా అని నవల వదిలేయొద్దు. ఇందులో ఇందిర అనే అమ్మాయి ఉంది. సంపాదిస్తుంది, బాధ్యత లేని తండ్రిని మోస్తుంది, తనకు కావాల్సింది నోరు తెరిచి అడుగుతుంది. మంచిదా చెడ్డదా అని తేల్చి చెప్పమంటే ఇప్పటికీ పాఠకులు రెండు జట్లుగా విడిపోతారు. నేను ఆమె జట్టు. జీతం చేసే ఆడమనిషిగా మీరేమంటారో తెలుసుకోవాలని నాకు ఆసక్తిగా ఉంది. ఇది కొంచెం పెద్దది, బడులు తెరిచేనాటికి పూర్తి కాకపోవచ్చు. పోనీండి, జూన్‌లో కూడా రైలు నడుస్తుంది.

సాయంత్రం బండిలో మాత్రం చదవొద్దు. పగలంతా ఎండకు కాలిన పెట్టె, నిలబడటానికే చోటుండదు, ఇంటికి పోయి ఏం వండాలా అన్న ఆలోచన. ఆ పూట ఫోన్‌కు రాసిచ్చేయండి. రోజు మొత్తం ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకున్నవాళ్లు మూడో రోజుకే ఒట్టు తీసి గట్టు మీద పెడతారు. ఒక పూట దానికి, ఒక పూట పుస్తకానికి అనుకుంటే రెండూ సాగుతాయి.

రాత్రి పడుకోబోయే ముందు సంగతి వేరు. ఒళ్లు అలిసి ఉంటుంది, కొత్త కథ తలకెక్కదు. మీరు సిగ్గుపడుతున్నారని రాశారు కదా, ఆ సిగ్గు ఇక్కడ కొంచెం వదిలించుకోవాలి. ఒకప్పుడు తెల్లవార్లూ చదివించిన పుస్తకాన్నే మళ్లీ చదవండి. యద్దనపూడి అన్నారు కాబట్టి సెక్రటరీ అనుకుందాం. కథ మీకు తెలుసు, నిద్ర ముంచుకొచ్చి రెండు పేజీలు దాటేసినా నష్టం లేదు. పైగా డిగ్రీ అమ్మాయిగా చదివిన పుస్తకాన్ని నలభై నాలుగేళ్ల ఉద్యోగిగా చదవడంలో వేరే మజా ఉంది. అప్పట్లో ఆరాధించిన రాజశేఖరం మీద ఇప్పుడు మీకు ఒళ్లు మండొచ్చు. జయంతి ఎక్కడ తలొంచిందో, ఎక్కడ ఒంచలేదో ఇప్పుడు బాగా కనపడొచ్చు. "ఇలాంటివి కూడా సాహిత్యమేనా" అని ముక్కు విరిచేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఆ ముక్కు విరిచేవాళ్లలో సగం మంది అవి చదివే చదువరులయ్యారు. మీకు చదవడం అలవాటు చేసిన చెయ్యి అది, దాన్నే మళ్లీ పట్టుకోవడంలో చిన్నతనమేం లేదు.

డాబా మీద పడుకునేవాళ్లయితే పుస్తకం పైకి తీసుకుపోకండి. సముద్రం గాలి తిరిగాక డాబా మీద హాయిగానే ఉంటుంది గానీ, దీపం పెడితే పురుగులు ముసురుకుంటాయి, రెండో పేజీకే చిరాకొస్తుంది. కిందే మంచం మీద ఇరవై నిమిషాలు చదివి పైకి పొండి. ఫోన్ అప్పటికే హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి.

ఇక ఆదివారం మధ్యాహ్నం. మీ ఉత్తరంలో నా కన్ను నిలిచింది అత్తమ్మగారి సంగతి దగ్గరే. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ వేసవి చదువుకు అసలు పట్టు అక్కడుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి కావలిలో బయటికెవరు పోతారు? పడమటి గాలి ఈడ్చి కొడుతుంటుంది, కిటికీలు మూసి అందరూ ఒకే గదిలో కూలరు ముందు చేరతారు. ఆ గంటలో అత్తమ్మకు పైకి చదివి వినిపించండి.

దానికి అమరావతి కథలు తెచ్చుకోండి. సత్యం శంకరమంచి రాసిన నూరు కథలు, ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి. వారపత్రికలు వదలకుండా చదివేదంటున్నారు కాబట్టి ఆమెకు కొన్ని గుర్తుండే ఉంటాయి. ఒక్కోటీ మూడు నాలుగు పేజీలే, పైకి చదివితే పది నిమిషాల్లో అయిపోతుంది. చదివేటప్పుడు రేడియోలో వార్తల్లా చదవొద్దు. కథలో బుట్టలమ్ముకునేవాడు మాట్లాడితే వాడిలాగే మాట్లాడండి. వాక్యం పెద్దదైతే మధ్యలో ఊపిరి తీసుకోండి. అత్తమ్మ మధ్యలో ఆపి, "మా పుట్టింటి దగ్గర కూడా ఇట్టాంటోడు ఒకడుండేవాడు" అని మొదలుపెడితే పుస్తకం మూసి వినండి. కథ తర్వాతైనా చదవొచ్చు. ఒక ఆదివారం రెండు కథలు చాలు, మూడోది ఆమె అడిగితేనే.

పైకి చదవడంలో ఒక సౌకర్యం ఉంది. కళ్లు అక్షరాల మీదుండి మనసు వేరేచోటికి పోవడమనేది మౌనంగా చదివేటప్పుడే. నోరు పలుకుతుంటే, ఎదురుగా ఒకరు వింటుంటే మనసు పారిపోవడానికి దారి తక్కువ. నాలుగు ఆదివారాలు ఇలా చదివితే పొద్దున బండిలో చదువు కూడా సాఫీ అవుతుంది. ఆ కథల మీద ఆమెకు మొహం మొత్తితే టంగుటూరి ప్రకాశం పంతులుగారి నా జీవిత యాత్ర మొదటి భాగం తెరవండి. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకడం, ఈయన నాటకాల్లో వేషాలు కట్టడం, హనుమంతరావు నాయుడు మాస్టారు తనవెంట రాజమండ్రి తీసుకుపోయి చదివించడం, ఇవన్నీ చిన్నప్పటి ముచ్చట్లు. రాజకీయం మొదలైన చోట ఆపేసినా ఆంధ్రకేసరి ఏమీ అనుకోడు.

లిస్టు అంతే. నాలుగు కొత్తవి, ఒక పాతది, దగ్గర పెట్టుకోవడానికి ఇంకొకటి. ఇందులో ఏది నచ్చకపోయినా వదిలేయండి. నలభై పేజీలు చదివాక కూడా చెయ్యి దాని మీదికి పోకపోతే ఆ పుస్తకం ఇప్పుడు మీది కాదు. గ్రంథాలయంలో ఆలస్యంగా ఇచ్చిన పుస్తకానికి జరిమానా ఉంది గానీ, సగమే చదివి ఇచ్చినదానికి లేదు. కొన్న పుస్తకం దగ్గరే ఈ బాధంతా. డబ్బు పెట్టాం కదా అని పట్టు పట్టి చదువుతారు, విసిగి మొత్తానికే మానేస్తారు.

అందుకే ఈ వేసవికి కొనడం ఆపి, కావలి శాఖా గ్రంథాలయంలో కార్డు తీసుకోండి. చిన్న డిపాజిట్ కట్టించుకుంటారు, కార్డు వద్దనుకున్న రోజు తిరిగిస్తారు. మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని ఒక గీత కనపడుతుంది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు దానికే పోతున్నాయి. ఇన్నేళ్లూ మీరు కట్టిన డబ్బుతో కొన్న పుస్తకాలు అక్కడ బీరువాల్లో ఉన్నాయి, పోయి తెచ్చుకోవడమే తక్కువ.

అక్కడ పుస్తకం ఎంచుకోవడానికి మా ఉద్యోగంలో వాడుకునే చిట్కా ఒకటి చెబుతాను. అట్ట చూడొద్దు, వెనక రాసిన పొగడ్తలు అసలే చూడొద్దు. చివరి పేజీ దగ్గర అంటించిన తేదీల చీటీ చూడండి. ఇచ్చిన ప్రతిసారీ దాని మీద స్టాంపు వేస్తారు. చీటీ నిండిపోయి, దాని మీద ఇంకో చీటీ అంటించి, అదీ సగం నిండి ఉంటే ఊళ్లోవాళ్లు ఓటేసిన పుస్తకమన్నమాట. ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే తేదీలు కూడా మాట్లాడతాయి. తీసుకుపోయిన నాలుగైదు రోజులకే తిరిగొచ్చి, వెంటనే ఇంకొకరు తీసుకుపోయారంటే అది చేతిలోంచి దించనివ్వని రకం. ప్రతిసారీ గడువు చివరి రోజుకు వచ్చిందంటే అందరూ మీలాగే ముప్పై పేజీల దగ్గర ఆగి ఉంటారు. కంప్యూటర్ పెట్టిన చోట ఈ చీటీలు పోయాయి, అక్కడైతే కౌంటర్‌లో కూర్చున్న మనిషిని అడగడమే. అడిగితే సంతోషిస్తాం కూడా. రోజంతా పేపర్ల స్టాండు దగ్గర తగాదాలు తీర్చేవాణ్ణి ఎవరైనా పుస్తకం గురించి అడిగితే ఆ రోజు పండగే.

ఫోన్‌లో చదివినా లెక్కలోకి వస్తుందా అంటే, వస్తుంది. చందమామ 1947 జూలైలో మొదలైంది, ఆ పాత సంచికల స్కాన్‌లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. సీటు దొరకని రోజు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో బేతాళ కథ చదువుకోవచ్చు. కాకపోతే ముందే డౌన్‌లోడ్ చేసి, డేటా ఆపి చదవండి. లేకపోతే విక్రమార్కుడు చెట్టెక్కేలోపు మీ ఆడబిడ్డ గుడ్ మార్నింగ్ మెసేజ్ వస్తుంది. వంట చేస్తూ కథలు వినడం కూడా మంచిదే, అయితే దాన్ని చదువు కింద రాసుకోకండి. వినే అలవాటు పెరుగుతుంది, చదివే అలవాటు అలాగే ఉంటుంది.

మీ అబ్బాయికి ఏమీ చెప్పొద్దు. పదో తరగతి దాకా పుస్తకమంటే పరీక్షే అయిన పిల్లాడికి సెలవుల్లో పుస్తకం చదవమంటే ఇంకో సబ్జెక్టు తగిలించినట్టే. రేపు ఇంటర్‌లో చేరాక ఎలాగూ ఊపిరాడదు. మీరు శనివారం గ్రంథాలయానికి పోయేటప్పుడు బండి మీద దించమని వాణ్ణి తోడు తీసుకుపోండి, లోపలికి రమ్మని అనొద్దు. ఎండకు తట్టుకోలేక వాడే వస్తాడు. శుక్రవారం సెలవు, మధ్యాహ్నం మూస్తారు, వేళలు ముందే కనుక్కుని పోండి. ఆదివారం మీరు అత్తమ్మకు చదువుతున్నప్పుడు వాడు అదే గదిలో ఫోన్ చూసుకుంటుంటే చూసుకోనివ్వండి, సౌండ్ తగ్గించమంటే చాలు. మూడో వారమో నాలుగో వారమో గొంతు పట్టేసిందని చెప్పి, కథ మంచి పట్టులో ఉన్నప్పుడు పుస్తకం వాడి చేతికివ్వండి. మీరు అడిగితే కుదరదంటాడు గానీ, నాయనమ్మ అడిగితే కాదనడు.